ఏడు అనని మేస్త్రి, లేదు అన్న కంప్యూటరు

ఒసే చిన్నీ, ఆ ఫోను పక్కన పెట్టి కాగితం తీసుకో. మాట్లాడితే అదే రాసుకుంటుందన్నావు. నిన్న నేను ‘మిర్చి’ అంటే ‘మరిచి’ అని రాసింది. మరిచిపోయేదాన్నయితే నీకెందుకు చెప్తాను? నువ్వే రాయి. సోమవారం కాలేజీలో కంప్యూటరు లెక్చరరుగా చేరుతున్నావు. ఏ చీర కట్టుకెళ్లాలో మీ అమ్మ చెప్పింది. ఉద్యోగం సంగతి నేను చెప్తాను. నాకు ఎప్పుడు ఏ గ్రేడు ఇచ్చారు, ఎవరు సంతకం పెట్టారు, అవన్నీ పెట్టెలో ఫైల్లో ఉన్నాయి. ఎలకలు కొడితే కొట్టనీ.

నాకు కంప్యూటరు ఎలా వచ్చిందంటే

నేను చేరింది లెక్కల లెక్చరరుగా. చిలకలూరిపేట నుంచి అద్దంకి వెళ్లే దారిలో కాలేజీ. ముందు పత్తి, వెనక మిరప. మా కరెస్పాండెంటు గారికి రెండు వ్యాపారాలు. ఒకటి మా కాలేజీ, రెండోది మిర్చి కోల్డ్ స్టోరేజీ. దాన్ని మావైపు ఏసీ అంటారు. ‘కాయలు ఏసీలో పెట్టాం’ అని రైతు అన్నాడంటే ఇంట్లో చల్లగా ఉందని కాదు. మా కరెస్పాండెంటు గారి దృష్టిలో రెండు వ్యాపారాలకూ పెద్ద తేడా లేదు. సరుకు లోపల పెట్టి తలుపేయడం, మంచి రేటు వచ్చినప్పుడు బయటికి తీయడం.

ఒకరోజు పిలిచారు.

“అమ్మా, మీకు లెక్కలొచ్చుగా?”

“వచ్చండి.”

“కంప్యూటరు చేసేదీ లెక్కలేగా. రేపట్నుంచి అది కూడా మీరే చెప్పండి.”

అంతే, అదే నా ట్రైనింగు. పుస్తకం కొనుక్కుని పిల్లల కంటే ఒక్క పాఠం ముందు చదువుకుంటూ వచ్చాను. కొన్ని రోజులు సగం పాఠమే ముందు. నువ్వు పెద్ద చదువు చదివి వెళ్తున్నావు గనక రెండు పాఠాలు ముందుంటావేమో. అంతకంటే ఎక్కువ ముందుండకు, పిల్లలు కనపడరు.

ఇరవై ఆరు సిలబస్‌లో లేదు

మొదట చెప్పాల్సింది ఎరే. వరసగా గదులు, గదికొక అంకె, మొదటి గది నంబరు సున్నా. రెండోది, ఆ గదుల్లో వెతకడం. మొదటి గది తలుపు తీసి చూడు, లేకపోతే పక్క గది. దొరికితే ఆగిపో. ఇంతేనా అంటావు. ఇంతే. దీనికే మా పిల్లలు చెమటలు కక్కేవాళ్లు.

ఎందుకంటే ప్రోగ్రాంని బట్టీ పట్టేవాళ్లు. నేను బోర్డు మీద ఇరవై ఐదుని వెతికే ప్రోగ్రాం రాశాను. ల్యాబు పరీక్షలో ఒకమ్మాయికి ఇరవై ఆరుని వెతకమని ఇచ్చాను. పావుగంట తెర వైపు చూసి, కళ్లనీళ్లు పెట్టుకుని అంది కదా, “మేడం, ఇరవై ఆరు సిలబస్‌లో లేదు మేడం.”

నవ్వకు. ఆ రోజు నేనూ నవ్వాను. రాత్రికి తెలిసింది, నేనే ఏడాదంతా ఇరవై ఐదుని తప్ప ఇంకో అంకెని వెతకలేదని. ఆ తర్వాత నుంచి క్లాసుకి వెళ్లగానే ‘ఎవరైనా ఒక అంకె చెప్పండి’ అనేదాన్ని. ఎరేలో లేని అంకె చెప్తే ఇంకా మంచిది.

ఇంకొకతను అన్నిటికన్నా తేలికైన టిక్కీ ఏదో కనిపెట్టే ప్రోగ్రాం రాశాడు. టిక్కీ అంటే మిర్చి బస్తా, రాసుకో. అతను ముందే ‘చిన్నది సున్నా’ అని పెట్టుకుని, దానికంటే చిన్నది ఉందేమో అని వెతికాడు. జవాబు సున్నా కిలోలు. కరెస్పాండెంటు గారు పక్కనే ఉన్నారు. “సున్నా కిలోల టిక్కీ ఎక్కడుందో చూపించు బాబూ, గోనె సంచి అయినా మిగులుతుంది” అన్నారు. మొదటి టిక్కీనే చిన్నదనుకుని మొదలెట్టాలి నాయనా, నీ మనసులో ఉన్నదాంతో కాదు అని చెప్పాను. ఈ తప్పు నీ పిల్లలూ చేస్తారు. తిట్టకు. సున్నా కిలోల టిక్కీని తెచ్చి చూపించమను.

తుమ్ము

ఇప్పుడు అసలు సంగతి. ఇది నేను రిటైరవడానికి కొన్నేళ్ల ముందు జరిగింది.

మా కరెస్పాండెంటు గారికి శకునాల పట్టింపు. తుమ్ము వినపడితే చేసే పని ఆపాలి, కూర్చోవాలి, మంచినీళ్లు తాగాలి, మళ్లీ మొదట్నుంచి మొదలెట్టాలి. ఇంకో వ్యాపారంలో అయితే నడుస్తుందేమో. మిర్చి ఏసీలో ఎలా నడుస్తుందే? అక్కడ గాలి పీలిస్తే తుమ్మే.

టిక్కీలు లెక్కపెట్టేది హమాలీల మేస్త్రి యేసోబు. ఎన్నో ఏళ్లుగా ఆ ఏసీలో ఏ లాటు ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పే మనిషి. ఒక రైతు తెచ్చిన టిక్కీలన్నీ కలిపి ఒక లాటు. యేసోబు నలభై దాకా లెక్కపెట్టేసరికి ఎవరో తుమ్మేవాళ్లు. “ఆగరా!” అని బయటినుంచి అయ్యగారి కేక, అదే, మా కరెస్పాండెంటు గారిది. మంచినీళ్లు. మళ్లీ ఒకటి నుంచి. పొద్దున మొదలెట్టిన లెక్క సాయంత్రానికి నలభై దాటేది కాదు.

ఇది నేను క్లాసులో చాలాసార్లు చెప్పాను. వెతికేటప్పుడు ఎక్కడిదాకా వచ్చామో గుర్తుపెట్టుకోకుండా, ప్రతిసారీ సున్నా గదికి పరిగెత్తే ప్రోగ్రాం రాస్తే దాని పేరు తుమ్ము ప్రోగ్రాం. నా స్టూడెంట్లు ఇప్పటికీ ఆ పేరే వాడతారట. మీ పుస్తకాల్లో దానికి వేరే పేరుంటుంది. నువ్వు మాత్రం ఇదే చెప్పు, జన్మలో మర్చిపోరు.

ఇక భరించలేక కరెస్పాండెంటు గారన్నారు, “అమ్మా, కంప్యూటరు తుమ్మదు కదా? లాటు ఎక్కడుందో అదే వెతికేలా చేయండి.”

ఆ పని నేను కరుణకి ఇచ్చాను. ఫైనలియర్లో ఉన్న పిల్లల్లో చురుకైంది. యేసోబు కూతురే. “మా నాన్న పని కొంచెం తగ్గుతుంది మేడం” అని సంబరపడింది.

పదమూడు లాట్లు

ముందు ఒక్క వరసతో చూద్దామన్నాం. ఆ వరసలో పదమూడు లాట్లు. టిక్కీల మీద ఎర్ర పెయింటుతో ఒకటి నుంచి పదమూడు దాకా నంబర్లు. రైతుల చీటీల మీదా అవే నంబర్లు.

కరుణ అడిగింది, “మేడం, మొదట్నుంచి వరసగా చూసే ప్రోగ్రాం చాలదా?”

నేనే అన్నాను, “చాలదు. బైనరీ సెర్చ్ పెట్టు. అయ్యగారు చూసి ఆశ్చర్యపోవాలి.”

బైనరీ సెర్చ్ అంటే నీకు తెలుసులే, చదివేవాళ్ల కోసం రాయి. అంకెలు చిన్న నుంచి పెద్దకి వరసలో ఉంటే మొదట్నుంచి నడవక్కర్లేదు. సరిగ్గా మధ్య గది తెరిచి చూడు. నీకు కావలసింది దానికంటే చిన్నదైతే కుడి సగం వదిలేయి, పెద్దదైతే ఎడమ సగం వదిలేయి. మిగిలిన సగంలో మళ్లీ మధ్యది. లక్ష లాట్లున్నా పదిహేడు తలుపులు తీస్తే తేలిపోతుంది. పదమూడింటికి ఇది ఎందుకూ అంటే, నా గొప్ప కోసం. పదమూడు లాట్ల వరసలో ఇటు నుంచి అటు నడిచి చూడటం ఒక తుమ్ముకీ ఇంకో తుమ్ముకీ మధ్య అయిపోయే పని.

కరుణ ఇంకో మాట కూడా అడిగింది. “లిస్టు వరసలో ఉందో లేదో ముందు చూసుకోవద్దా మేడం?”

“పుస్తకంలో ‘వరసలో ఉన్న ఎరే ఇస్తారు’ అని ఉందిగా. ఇస్తారులే” అన్నాను.

ఎవరూ ఇవ్వరు చిన్నీ. ముప్పై ఏళ్లలో నాకెవరూ వరసలో ఉన్నది ఇవ్వలేదు.

లిస్టు ఎక్కించింది కరెస్పాండెంటు గారి అల్లుడు. పుణెలో పుట్టి పెరిగిన మనిషి, మర్యాదస్తుడు. మిర్చి ఘాటుకి తట్టుకోలేక ముక్కుకి తువ్వాలు కట్టుకుని, ల్యాప్‌టాప్ పట్టుకుని తలుపు బయట కూర్చున్నాడు. యేసోబు లోపల వరస వెంట నడుస్తూ ఒక్కో లాటుకీ కేకేశాడు. ఈయన విన్నది విన్నట్టు కొట్టాడు.

నేను వెళ్లి మూడు కొట్టాను, ‘ఉంది’ అంది. ఐదు కొట్టాను, ‘ఉంది’ అంది. అద్భుతం అన్నాను. అందరికీ మైసూర్‌పాక్ పంచారు.

కంప్యూటరు లేదంది

వారం తిరక్కుండా వినుకొండ అవతల నుంచి సైదాబీ వచ్చింది. కౌలుకి చేసుకునే పెద్దావిడ. చీటీ నంబరు పదకొండు, పన్నెండు టిక్కీలు. ఆ ఏడు ఆమె పంటంతా అదే. అల్లుడుగారు పదకొండు కొట్టారు. తెర మీద ‘లాటు లేదు’ అని వచ్చింది. మళ్లీ కొట్టారు. లేదు.

కాలేజీకి ఫోనొచ్చింది. నేనూ కరుణా ఆటోలో పరిగెత్తాం. మేము వెళ్లేసరికి యేసోబు తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. కరుణ వెళ్లి తండ్రి పక్కన నిలబడింది.

“ఒరేయ్ యేసోబూ, పన్నెండు టిక్కీలు ఏం చేశావురా?” అన్నారు అయ్యగారు.

“లోపలే ఉన్నాయి బాబుగారూ.”

“కంప్యూటరు లేదంటుంటే?”

“కంప్యూటరు లోపలికెప్పుడెళ్లింది బాబుగారూ?”

అయ్యగారు తాళాల గుత్తి లాక్కున్నారు. సాయంత్రంలోపు ఆ లాటు కంప్యూటర్లో కనపడకపోతే మేస్త్రిగా ఉండక్కర్లేదనీ, దొంగ అని హమాలీలందరి ముందూ చెప్పి మరీ పంపిస్తాననీ అన్నారు. కూతురు రాసిన ప్రోగ్రాం తండ్రిని దొంగని చేసింది. రాయించింది నేను.

తలుపు తీసి చూద్దాం అన్నాను. అయ్యగారు తాళంచెవి పెట్టారు. అల్లుడుగారు తుమ్మారు. ఆగాం, కూర్చున్నాం, మంచినీళ్లు తాగాం. మళ్లీ లేచి తాళంచెవి పెట్టారు. ఈసారి నేనే తుమ్మాను. మూడోసారి అయ్యగారే తుమ్మి, తన తుమ్ముకి తనే కూర్చున్నారు.

సైదాబీకి ఓపిక పోయింది. “తుమ్మితే తుమ్మారులే బాబూ! నా కాయ తుమ్మించకపోతే గదా కంగారుపడాల?”

మొత్తానికి తలుపు తీశాం. చివర్నుంచి మూడో లాటు. ఎర్ర పెయింటుతో పదకొండు. పన్నెండు టిక్కీలూ ఉన్నాయి. సైదాబీ వెళ్లి ఒకదాని మీద కూర్చుంది. హమ్మయ్య అనుకున్నాను.

అల్లుడుగారు లాటు వంక చూశారు, ల్యాప్‌టాప్ వంక చూశారు. “ఫిజికల్‌గా ఉన్నాయి మామయ్యగారూ. కానీ సిస్టంలో లేవు. కాబట్టి ఇవి అవి కావు.”

“మరి నేను దేని మీద కూర్చున్నానయ్యా? నీ సిస్టం మీదా?” అంది సైదాబీ.

అయ్యగారికి ఆ మాట చెవికెక్కలేదు. “అంటే కాయ మార్చేశాడన్నమాట! మంచివి తీసి, తాలు కాయ పెట్టి, పైన పదకొండు రాశాడు.”

చూశావా? కళ్లెదుట టిక్కీలున్నాయి, వాటి మనిషి వాటి మీదే కూర్చుంది, అయినా తెర మీద మాటే గెలిచింది. మన ఉద్యోగంలో భయపడాల్సింది దీనికే.

సున్నా, అరవై ఒకటి

కరుణ ల్యాప్‌టాప్ తీసుకుని నేల మీద కూర్చుంది. ఇరవై ఆరు సిలబస్‌లో లేదన్న పిల్ల లాంటిది కాదు ఇది. “అన్నీ కొట్టి చూస్తాను మేడం” అంది. ఒకటి కొట్టింది. లేదు.

“ఒకటి ఎవరిదిరా?” అన్నారు అయ్యగారు.

“మీదే బాబుగారూ” అన్నాడు యేసోబు.

కాసేపు ఎవరూ తుమ్మను కూడా లేదు.

రెండు ఉంది. మూడు, నాలుగు, ఐదు, ఆరు ఉన్నాయి. ఏడు నుంచి పదమూడు దాకా ఒక్కటీ లేదు. మొత్తం ఎనిమిది లాట్లు మాయం.

యేసోబు అప్పుడు మొదటిసారి గొంతు పెంచాడు. “నడుం నొప్పితో రెండు టిక్కీలు ఎత్తలేకపోతన్నా. ఎనిమిది లాట్లు ఎత్తానంటన్నారు. ఆ ఎత్తిన చేతులేయో నాక్కూడా చూపిచ్చండి బాబుగారూ, ఇంటికి తీసకపోతా.”

నాకు అప్పుడు తట్టింది. “యేసోబూ, ఆ రోజు ఎలా కేకేశావో అలాగే ఇంకోసారి వెయ్యి. కరుణా, లిస్టు తెరిచి నువ్వు గట్టిగా చదువు.”

యేసోబు వరస మొదట్లో నిలబడి, అలవాటుగా టిక్కీని తాకి, “లాభం!” అన్నాడు.

“సున్నా” అని చదివింది కరుణ.

“రెండు.” “రెండు.” “మూడు.” “మూడు.” ఆరు దాకా బాగానే వచ్చారు. తర్వాత లాటు దగ్గర యేసోబు “ఆరున్నొకటి!” అన్నాడు.

“అరవై ఒకటి” అని చదివి, కరుణ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నీకు తెలియదేమో, రాయి. మావైపు పంట కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అనే మాట అసలు అనరు. ‘ఏడు’ అంటే ‘ఏడవరా’ అన్నట్టు వినపడుతుంది కదా, రైతు పంట ముందు ఆ మాటెందుకని ఆరున్నొకటి అంటారు.

“అలాగే కదా అన్నాడు!” అన్నారు అల్లుడుగారు పాపం. “ఆరు, ఒకటి. అరవై ఒకటి. లాభం అన్నాడు, ఎంతో చెప్పలేదు. అందుకని సున్నా వేశాను.”

మామగారికి లాభం సున్నా వేసిన అల్లుడు ఆయనొక్కడే అయ్యుంటాడు.

పదమూడింటికి సరిగ్గా మధ్యది ఏడో గది. అందులో అరవై ఒకటి కూర్చుంది. ఎవరు పదకొండు అడిగినా ప్రోగ్రాం మధ్య గది తెరిచి, ‘అరవై ఒకటి కంటే పదకొండు చిన్నది’ అనుకుని ఎడమ వైపుకి పోయింది. కుడి వైపు ఆరుగురు రైతుల కాయలున్నాయి. అటు తల కూడా తిప్పలేదు. తిప్పకుండానే ‘లేదు’ అంది. నేను పరీక్షించిన మూడూ ఐదూ ఎడమ వైపువి. మైసూర్‌పాక్ తిన్నాం గదా!

అనరా

అయ్యగారు ఇంకా నమ్మలేదు. “అది ఏడేనని వాణ్ని నోటితో అనమనండి. ఒరేయ్, ఏడు అనరా, తాళాలిచ్చేస్తాను.”

“అనను బాబుగారూ.”

“అనకపోతే పని పోతుందిరా!”

“పోనీండి. ఈళ్ల కాయ మీద చెయ్యేసి ఆ మాట అననండి. మా నాయనా అన్లేదు.”

“నాన్నా!” అంది కరుణ ఏడుపు గొంతుతో. “చర్చిలో ఏడో వచనం చదవవా?”

“అది చర్చి. ఇది ఏసీ.”

“పోనీ, ఆరు తర్వాత ఎంతో చెప్పు” అన్నారు అల్లుడుగారు మర్యాదగా.

“ఎనిమిదికి ముందుదండీ.”

సైదాబీ టిక్కీ మీద నుంచి లేచింది. “అననీకండయ్యా ఆయన్ని. నా కాయ కోసమే గదా అనంది” అంది.

ఆ మాట అంటే పని నిలబడుతుంది. అనకపోతే దొంగ పేరుతో వెళ్లాలి. ఆ మనిషి అనలేదు. నేనింక ఆలోచించలేదు. కరుణ ఒళ్లోంచి ల్యాప్‌టాప్ తీసుకుని, సున్నా చెరిపి ఒకటి, అరవై ఒకటి చెరిపి, నోరు మూసుకునే, ఏడు నొక్కాను. పదకొండు వెతికించాను. ‘ఉంది’ అని వచ్చింది. అయ్యగారు తాళాల గుత్తి యేసోబు చేతిలో పెట్టారు. తప్పయిందని అనలేదు. “కంప్యూటరుకి దిష్టి తగిలింది” అని ల్యాప్‌టాప్‌కి నిమ్మకాయా మిరపకాయలూ కట్టించారు. మిరపకాయలకి అక్కడ కొదవా? ఆ మూత మళ్లీ సరిగా పడలేదు.

అల్లుడుగారి తప్పు చిన్నదే చిన్నీ, ఆయన విన్నది కొట్టాడు. నా తప్పు పెద్దది. కరుణ అడిగిన రెండు ప్రశ్నలూ సరైనవి. రెండింటికీ నేను మేడం గొంతుతో జవాబు చెప్పాను. వరసలో ఉందో లేదో చూడాలంటే ఎలాగూ అన్నీ ఒకసారి చూడాల్సిందే. ఒక్క లాటు కోసమైతే ఆ చూసేటప్పుడే అది దొరికేది. పదే పదే వెతకాల్సినప్పుడు, వేలల్లో ఉన్నప్పుడు, ఒక్కసారి వరస సరిచూసుకుని అప్పుడు బైనరీ పెట్టు. పరీక్షించేటప్పుడు మొదటిది, చివరిది, మధ్యది, అసలు లేనిది, నాలుగూ కొట్టు. ఆ తర్వాతే స్వీట్లు.

వచ్చేసేటప్పుడు యేసోబు ఆటో దాకా వచ్చాడు. “మేడంగారూ, ఒక మాట. లేదు అనడం వేరు, నాకు కనపళ్లేదు అనడం వేరండీ. మా ఆడది ఉప్పు డబ్బా అడిగిద్ది, నేను లేదంటా. అదొచ్చి నా ముక్కు కిందనించే తీసిద్ది. కంప్యూటరూ మగోడే అయ్యుంటది.”

కరుణ ఆ వారమే మార్చింది. దొరకనప్పుడు తెర మీద ఇలా వచ్చేది: ‘వెతికాను, నాకు కనపడలేదు. మేస్త్రిని అడగండి.’ నేను రిటైరయ్యేదాకా క్లాసులో అదే రాయించాను. ల్యాబు పరీక్షకి బయటినుంచి వచ్చే ఎగ్జామినరు ‘పుస్తకంలో ఇలా లేదు’ అని ప్రతిసారీ ఒక్క మార్కు కోసేవాడు. నువ్వూ అలాగే రాయించు. ఆ మార్కు పోతే పోనీ.

సరే, ఎన్ని కాగితాలయ్యాయే? లెక్కపెట్టు. లాభం, రెండు, మూడు... ఆరు దగ్గర ఆగావేం? అను. ఇక్కడ ఎవరి కాయలూ లేవుగా, అనొచ్చు.

అనవా? పోనీ, పైన ఆరున్నొకటి అనే వెయ్యి. అక్షరాల్లో రాయి, అంకెల్లో వద్దు.